పాత తిరుపతిలో మా తాత కట్టిన మిద్దె ఇల్లు: పడగొట్టి లాడ్జి కట్టాలా?

తిన్నెమీద (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. గోవిందరాజస్వామి గుడికి నడిచి ఐదు నిమిషాల దూరంలో, ఒక సందులో మా ఇల్లు. మా తాత గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్ల అంగడి పెట్టుకుని, 1938లో ఈ ఇల్లు కట్టించాడు. వీధి వైపు రెండు తిన్నెలు, చెక్క స్తంభాలు. లోపల నడిమధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ గదులు. ఇల్లు కట్టే నాటికి కొండకి బస్సు రోడ్డు లేదు, అందరూ నడిచే ఎక్కేవాళ్ళు. బ్రహ్మోత్సవాలప్పుడు ముందురోజు రాత్రి ఊరుగాని ఊరి నుంచి వచ్చిన వాళ్ళు మా తిన్నెల మీదే పడుకునేవాళ్ళట. తెల్లవారుజామున మా అవ్వ వాళ్ళకి మజ్జిగ పోసి పంపేది. వాళ్ళెవరో, ఏ ఊరో కూడా అడిగేది కాదని అమ్మ చెబుతుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అమ్మ, నేను ఉంటున్నాం. నేను బడిలో టీచర్ని. అన్న బెంగళూరులో, తమ్ముడు హైదరాబాదులో. ఇల్లు పడగొట్టి ఐదంతస్తుల లాడ్జి కట్టి, ముగ్గురం సమానంగా పంచుకుందామని ఇద్దరూ అంటున్నారు. వాళ్ళ మాటలో న్యాయం లేదని నేను అనలేను. వంటింటి పైన ఒక దూలం వంగింది. వానాకాలంలో గోడ మోకాలి ఎత్తు దాకా చెమ్మ. పోయినసారి సిమెంటు పూత వేయించాం, రెండేళ్ళకే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. మా సందులో ఇలాంటి ఇళ్ళు నా చిన్నప్పుడు పదకొండు ఉండేవి. ఇప్పుడు మాదీ, ఎదురింటిదీ మిగిలాయి.

మూడు నెలల్లో ఏదో ఒకటి తేల్చమన్నారు. ఆ దూలం బాగు చేయించవచ్చా? పాత ఇల్లు నిలబెట్టుకునే వాళ్ళకి ప్రభుత్వం వైపు నుంచి ఏమైనా సాయం ఉందా? ఈ టెన్షన్‌లో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాత్రి_డ్యూటీ (శనివారం, రాత్రి 10:25)

అక్కా, నా మాట తప్పుగా తీసుకోవద్దు. నేను బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నా. కొండ మీద రోజుకి అరవై, డెబ్భై వేల మందికి దర్శనం అవుతుంది. వాళ్ళలో సగానికి సగం ఒక పూటైనా కింద తిరుపతిలో తలదాచుకోవాలి. శనాదివారాలు వస్తే రాత్రి రెండు గంటలకు చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చి ‘గది ఉందా బాబూ’ అని అడిగే వాళ్ళకి లేదని చెప్పేది నేనే. ఆ బాధ నాకు తెలుసు. ఊరికి గదులు కావాలి.

మా లాడ్జి లేకపోతే మా ఇద్దరు పిల్లల చదువు లేదు. రూం బాయ్‌లు, బట్టలు ఉతికేవాళ్ళు, ఆటోవాళ్ళు, టిఫిన్ బండివాళ్ళు, ఇంతమంది బతుకు దాని మీద ఉంది. మీ అన్నదమ్ములు ఇదంతా ఆలోచించే అంటున్నారనుకుంటా. కట్టండి. కాకపోతే మీ తాతగారి స్తంభాలు ముందు వసారాలో పెట్టుకోండి, గుర్తుగా ఉంటాయి.

గాలిగోపురం_నీడ (శనివారం, రాత్రి 11:50)

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయినవాణ్ణి.

మీ ఇల్లు ఉన్న చోటు మామూలు చోటు కాదు. రామానుజాచార్యులు 1130లో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించారనీ, గుడి చుట్టూ వీధులు తీర్చి జనాన్ని నిలిపారనీ మన సంప్రదాయం. ఆ ఏడు ఫిబ్రవరి 24ని ఊరి పుట్టినరోజుగా లెక్కగట్టి 2022 నుంచి పండుగ చేస్తున్నారు. అంటే ఈ ఊరు గుడి చుట్టూ మనుషులు కాపురం ఉండటం కోసం పుట్టింది. రథం తిరిగే వీధులు, అర్చకుల ఇళ్ళు, పూలు కట్టేవాళ్ళ ఇళ్ళు, బండ్లు నిలిపే వీధి అన్నీ ఒక లెక్క ప్రకారం పడ్డాయి. బండ్ల వీధి పేరు విన్నప్పుడల్లా నాకు ఎద్దుల మెడలో గంటలు వినిపిస్తాయి.

మట్ల అనంతరాజు కట్టించిన పెద్ద గోపురాన్ని ఎవరూ పడగొట్టరు. దానికి భయం లేదు. భయమంతా దాని కింద ఉన్న చిన్నవాటికి. గోపురం నిలబడి చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ అద్దాల లాడ్జీలైతే ఆ గోపురం మ్యూజియంలో వస్తువులా ఉంటుంది. రథోత్సవం నాడు తిన్నె మీద నిలబడి హారతి పట్టే మనిషి ఉన్నప్పుడే అది మాడ వీధి.

పెద్ద కట్టడాలకైనా పూర్తిగా భద్రం ఉందా అంటే, అదీ చెప్పలేం. తిరుమలలో గుడి ఎదురుగా ఉన్న వెయ్యికాళ్ళ మండపాన్ని 2003లో తీసేశారు. యాత్రికుల రద్దీ పెరిగింది, చోటు కావాలన్నారు. రద్దీ నిజమే. అయితే ఆ రాళ్ళ మధ్య ఎండకు సేదదీరిన నా వయసు వాళ్ళని అడగండి, ఇప్పటికీ ఆ ఖాళీని చూస్తే గొంతు పట్టుకుంటుంది. 2023లో కొండ మీదే, స్వామి వేట ఉత్సవం జరిగే పార్వేట మండపం విషయంలోనూ అంతే. శిథిలమైంది కాబట్టి తీసి కొత్తగా కట్టామన్నారు. పాత రాయిని అలాగే నిలబెట్టి బాగు చేసి ఉండాల్సిందని తెలిసినవాళ్ళు మొత్తుకున్నారు. కొత్త మండపం బాగానే ఉండొచ్చు. కానీ పాత స్తంభం మీద ఉలి నడిపిన చెయ్యి మళ్ళీ రాదు కదా!

గాంధీ రోడ్డులో హథీరాంజీ మఠం ఉంది. 1843 నుంచి 1933 దాకా కొండ మీది గుడి నిర్వాహకం ఆ మహంతుల చేతిలోనే ఉండింది. 1933లో దేవస్థానం కమిటీ ఏర్పడ్డాక అది మారింది. ఆ పాత మఠం భవనం ఉంచాలా, తీసేయాలా అన్న మాట ఊళ్ళో వచ్చినప్పుడు నేను రోడ్డు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాను. తొంభై ఏళ్ళ ఊరి కథకి అదొక్కటే కళ్ళెదుట ఉన్న సాక్ష్యం.

మీ ఇల్లు అంత పెద్ద కథ కాకపోవచ్చు. మీ అవ్వ పోసిన మజ్జిగ మాత్రం ఏ శాసనంలోనూ లేదు. ఆ తిన్నె పోతే ఆ మాటా పోతుంది.

రాత్రి_డ్యూటీ (ఆదివారం, ఉదయం 6:15)

సార్, మీరు చెప్పింది చదివి నాకు కూడా బాధేసింది. అయితే ఒక మాట. మజ్జిగ పోసిన అవ్వ చేసింది, ఇవాళ లాడ్జి చేసేది ఒకే పని కదా? యాత్రికుడికి చోటు ఇవ్వడం. ఆ రోజు వచ్చింది వందల మంది. తిన్నె సరిపోయింది. ఇవాళ వేలమంది. వాళ్ళని ఎక్కడ పడుకోబెడదాం?

గాలిగోపురం_నీడ (ఆదివారం, ఉదయం 7:05)

మంచి ప్రశ్న బాబూ. గదులు కావాలి, కాదనను. అవి గుడి సందుల్లోనే కావాలా అన్నదే నా బాధ. తిరుచానూరు వైపు, రేణిగుంట దారిలో, కరకంబాడి రోడ్డులో ఊరు పెరుగుతూనే ఉంది. అక్కడ కడితే బస్సు నేరుగా వెళుతుంది, కారు పెట్టుకునే చోటు ఉంటుంది.

గానుగ_సున్నం (ఆదివారం, ఉదయం 9:30)

మేడం, నేను సివిల్ ఇంజినీర్ని. పాత కట్టడాల మరమ్మతు పనులు చేస్తుంటాను. దూలం సంగతి చెబుతాను.

1938 నాటి ఇల్లు, మిద్దె అంటున్నారు కాబట్టి అది చాలావరకు మద్రాస్ టెర్రస్ అయి ఉంటుంది. టేకు దూలాల మీద దంతెలు అనే సన్నని వాసాలు పరిచి, వాటి మీద సన్నని చిన్న ఇటుకల్ని నిలువుగా ఐమూలగా సున్నంతో పేరుస్తారు. పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి రోజుల తరబడి చెక్కలతో కొడతారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ కొడతారు. అలా కొట్టిన మిద్దె వేసవిలో ఎంత చల్లగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఇంట్లో దూలం చాలావరకు మధ్యలో కుళ్ళదు. గోడలోకి దూరిన కొన దగ్గర కుళ్ళుతుంది, చెమ్మ అక్కడే నిలుస్తుంది కాబట్టి. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని దూలం గోడలోకి పోయే చోట గట్టిగా గుచ్చి చూడండి. అరంగుళం కన్నా లోతుగా మెత్తగా దిగితే కొన పోయినట్టు. దిగకపోతే చెక్క గట్టిగానే ఉంది, బరువుకి వంగింది అంతే. కొన పోయినా దూలం మొత్తం తీయనవసరం లేదు. కుళ్ళిన కొన కోసేసి రెండు వైపులా ఇనుప పట్టీలు బిగించి గోడకి అందించవచ్చు. లేదా కింద ఒక ఇనుప దూలం ఊతగా ఇవ్వవచ్చు.

ఇప్పుడు చెమ్మ. మీరు వేయించిన సిమెంటు పూతే దానికి సగం కారణం. పాత గోడ ఇటుక, సున్నం. అది నేల నుంచి తడి పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక పైకి ఎక్కుతుంది, దూలం కొన దాకా వెళుతుంది. పెచ్చులు ఊడిపోవడం గోడ మీతో చెబుతున్న మాట. ఆ సిమెంటు చెక్కించేసి, ఒక వేసవి గోడని అలా ఆరనిచ్చి, తర్వాత సున్నంతోనే పూయించండి. గానుగలో నూరిన సున్నం అయితే ఇంకా మంచిది.

మరో సంగతి. ఇంటి పైన నీళ్ళ ట్యాంకు పెట్టారా? వంటింటి పైనే పెట్టి ఉంటే ముందు అది దించండి. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటే ఒక టన్ను బరువు. 1938లో ఆ దూలం లెక్క వేసిన మేస్త్రీ ఆ టన్నుని లెక్క వేయలేదు.

తిన్నెమీద (ఆదివారం, ఉదయం 10:10)

సార్, ట్యాంకు సరిగ్గా వంటింటి పైనే ఉంది. మీకు ఎలా తెలిసింది! పన్నెండేళ్ళ క్రితం పెట్టించాం. దూలం వంగింది ఆ తర్వాతే. సాయంత్రం ప్లంబర్‌ని పిలుస్తాను.

సిల్క్‌బోర్డు_నుంచి (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

టీచర్‌గారూ, నేను మీ అన్నగారి స్థానంలో ఉన్నవాణ్ణి. మాకూ తీర్థకట్ట వీధి దగ్గర పాత ఇల్లు ఉండేది. నాయనకి ఆపరేషన్ చేయించాల్సి వచ్చినప్పుడు అమ్మేశాం. కొన్నవాళ్ళు ఏడాదిలో పడగొట్టారు. నేను తప్పు చేశానని అనుకోవడం లేదు. నాయన ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికాడు.

దూరంగా ఉన్నవాళ్ళకి ఇంటి మీద ప్రేమ ఉండదని మాత్రం దయచేసి అనుకోవద్దు. ప్రతి నెలా డబ్బు పంపి, చెమ్మ చూసి, పన్ను కట్టి, పక్కవాళ్ళ గోడ గొడవలు ఫోనులో తీర్చి అలసిపోతారు. మీ అన్నదమ్ములతో వారసత్వం గురించి మాట్లాడేముందు ఖర్చు గురించి మాట్లాడండి. బాగు చేయించడానికి ఎంత, నెలకి ఎంత, ఎవరు ఎంత పెట్టుకుంటారు. ఆ కాగితం ముందు పెడితే వాళ్ళు వింటారు. నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

అవిలాల_వేషం (ఆదివారం, మధ్యాహ్నం 3:20)

అక్కా, నేను ప్రతి ఏడూ గంగమ్మ జాతరలో వేషం కడతాను. మా ఊరు అవిలాల, అమ్మవారి పుట్టింటి సారె మా ఊరి నుంచే వెళుతుంది. చాటింపు అయిన మర్నాటి నుంచి రోజుకో వేషం: బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు. బైరాగికి ఒళ్ళంతా తెల్లనామం, బండకి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకి గంధం. ఆడవాళ్ళని వేధించే పాలెగాడిని చంపడానికి అమ్మవారు ఇలా వేషాలు మార్చుకుంటూ వీధి వీధీ వెతికిన కథ అది.

నాకు చేతకాని మాటలు చెప్పను, చూసింది చెబుతాను. వేషం వీధిలో నడుస్తుంటే పాత ఇళ్ళ ముందు ఆగుతుంది. ఆ ఇంటి ఆడవాళ్ళు బిందెతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తారు, పసుపు రాస్తారు, బిడ్డను చేతికిస్తారు. తిన్నె ఉన్న ఇల్లు అయితే అమ్మవారి వేషం ఒక్క క్షణం ఆనుకుంటుంది. ఎండలో కాళ్ళు బొబ్బలెక్కి ఉంటాయి కదా. లాడ్జీల ముందు ఎవరూ రారు. అక్కడ ఉన్నవాళ్ళు వేరే ఊరివాళ్ళు, వాళ్ళకి తెలియదు, వాళ్ళ తప్పు కాదు. కొందరు ఫోటో తీసుకుంటారు. ఆ వీధుల్లో మేము ఆగకుండా నడిచిపోతాం.

మా తాత రోజుల్లో వేషం ఆగకుండా నడిచే వీధే లేదంట. ఇప్పుడు సగం వీధులు అలా అయ్యాయి. జాతరకి వచ్చే జనం మాత్రం ఏటేటా పెరుగుతున్నారు, గుడి కూడా పెద్దగా, అందంగా కట్టారు. ఇళ్ళే తగ్గాయి. మీ సందు నాకు తెలిసినట్టే ఉంది. మీ అమ్మగారు నిరుడు మాతంగి రోజు నాకు నిమ్మకాయ నీళ్ళు ఇచ్చారేమో అని నా అనుమానం.

తిన్నెమీద (ఆదివారం, మధ్యాహ్నం 3:45)

అమ్మకి చదివి వినిపించాను. ‘ఎడమ చెవికి పోగు ఉన్న అబ్బాయా?’ అని అడుగుతోంది.

అవిలాల_వేషం (ఆదివారం, మధ్యాహ్నం 3:52)

నేనే అక్కా. అమ్మకి దండాలు చెప్పు.

మొదటి_అంతస్తు (ఆదివారం, సాయంత్రం 5:30)

అందరూ ఇళ్ళ గురించి, గుళ్ళ గురించి చెబుతున్నారు. నేను గుంటల గురించి చెప్పాలి. పాత ఇల్లు మాత్రమే వారసత్వం అనుకోవద్దు.

ఈ ఊళ్ళో పేర్లు ఒకసారి పైకి అనుకోండి. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. గుంట అంటే నీళ్ళు నిలిచే చోటు. శేషాచలం కొండల మీద పడిన వాన కపిలతీర్థం దగ్గర, ఆ పక్క లోయల్లో దూకి, వాగుల్లో నడిచి, ఒక గుంట నిండితే ఇంకో గుంటకి, అక్కడి నుంచి చెరువులకి, చివరికి స్వర్ణముఖికి చేరేది. పెద్దవాళ్ళు కట్టుకున్న ఏర్పాటు అది. మనం గుంట పూడ్చి, పేరు మాత్రం బస్సు స్టాపుకి ఉంచుకున్నాం.

2021 నవంబరులో ఏం జరిగిందో ఇక్కడ ఉన్నవాళ్ళకి చెప్పనవసరం లేదు. కపిలతీర్థం దగ్గర నీళ్ళు గోధుమరంగులో విరుచుకుపడిన వీడియోలు దేశమంతా చూసింది. నేను వాటిని కిటికీలో నుంచి చూశాను. కింది వాటాలో ఉండేవాళ్ళం. రాత్రి పదకొండుకి గడప దగ్గర నీళ్ళు, పన్నెండున్నరకి మంచం మీదికి. మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. పక్కింటి కుర్రాళ్ళు కుర్చీతో సహా ఆమెను పైకి మోశారు. పాప బడి పుస్తకాలు, పెళ్ళి చీరలు, రేషన్ కార్డు, అన్నీ బురద. మూడు రోజులు కరెంటు లేదు. అప్పటి నుంచి మొదటి అంతస్తులోకి మారాం, నా పేరు కూడా అదే పెట్టుకున్నా.

తర్వాత తెలిసింది, మా ఇల్లు ఉన్నది వాగు పారే దారి మీద అని. మాకు అమ్మినవాళ్ళు చెప్పలేదు, ప్లాను ఇచ్చినవాళ్ళు ఆపలేదు. రోడ్లు వచ్చినందుకు నాకు ఎంతో సంతోషం, మా పాప కాలేజీకి పది నిమిషాల్లో వెళుతుంది. కానీ కొత్త రోడ్డు వేసేటప్పుడు దాని కింద నుంచి పాత వాగు ఎటు పోవాలో చూడాలి కదా. గోపురాన్ని కాపాడినంత భక్తిగా ఒక్క గుంటనైనా కాపాడి ఉంటే ఆ రాత్రి మా అత్తమ్మ అంతలా ఏడ్చేది కాదు.

టీచర్‌గారూ, మీ ఇంట్లో బావి ఉందా? ఉంటే దాన్ని మాత్రం పూడ్చకండి.

తిన్నెమీద (ఆదివారం, సాయంత్రం 6:05)

ఉందండి, వెనక వసారాలో. 2021 వానల్లో చేత్తో ముంచుకునేంత పైకి వచ్చాయి నీళ్ళు. ఇల్లు మాత్రం మునగలేదు. మా వీధి కొంచెం మెరక. తాత చూసి కట్టాడో ఏమో.

గాలిగోపురం_నీడ (ఆదివారం, సాయంత్రం 6:40)

చూసే కట్టి ఉంటారమ్మా. గుడి మెరక మీద, ఇళ్ళు దాని చుట్టూ, గుంటలు పల్లంలో. నేను ముప్పై ఏళ్ళు రాజులూ శాసనాలూ చెప్పాను, నీళ్ళ దారి గురించి ఒక్క పాఠం చెప్పలేదు. మొదటి అంతస్తు గారి మాటలు చదివాక అది నా లోపమని ఒప్పుకుంటున్నాను.

కట్టమంచి_గట్టు (ఆదివారం, రాత్రి 8:15)

చిత్తూరు నుంచి ఒక మాట. మాకు కట్టమంచి చెరువు ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్‌గా పని చేసిన కట్టమంచి రామలింగారెడ్డి గారి ఊరు అది, ఇప్పుడు చిత్తూరులో కలిసిపోయింది. చెరువు మిగలబట్టే పొద్దున నడవడానికి మాకొక చోటు ఉంది. చిత్తూరుకి తిరుపతి అంత డబ్బూ రాలేదు, అంత జనమూ రాలేదు. మా ఊరు పెరగలేదని చిన్నప్పుడు ఏడ్చేవాణ్ణి. తిరుపతిలో చదువుకోవడానికి వచ్చినప్పుడు ఇక్కడి యూనివర్సిటీ, ఆసుపత్రులు చూసి అసూయ పడ్డాను. 1954లో యూనివర్సిటీ వచ్చింది కాబట్టే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. ఊరి ఎదుగుదలని తక్కువ చేసి మాట్లాడటం నాకు మనసొప్పదు. ఆ ఎదుగుదల వచ్చేటప్పుడు అడిగేవాళ్ళు ఉండాలని మాత్రం గట్టిగా అనుకుంటాను.

తిరుపతివాళ్ళు అడిగిన సందర్భం ఒకటి ఉంది కూడా. 2022లో రైల్వే స్టేషన్ కొత్త భవనం బొమ్మలు బయటికి వచ్చినప్పుడు, ఇది ఏ ఊరి స్టేషనో తెలియడం లేదు, తిరుపతి కళ ఏదీ అని జనం నిలదీశారు. డిజైను మారుస్తామని రైల్వే మంత్రి చెప్పాల్సి వచ్చింది. అడిగితే వింటారు. శంకుస్థాపనకి ముందు అడగాలి.

రాత్రి_డ్యూటీ (ఆదివారం, రాత్రి 9:00)

శ్రీనివాస సేతు (గరుడ వారధి) గురించి ఎవరూ చెప్పలేదే. 2023 సెప్టెంబరులో ఆ ఫ్లైఓవర్ తెరిచినప్పటి నుంచి కొండకి పోయే బండ్లు ఊరి మీదుగా పైనుంచే అలిపిరికి పోతున్నాయి. నాలాంటి వాళ్ళకి డ్యూటీకి పోవడం సులువైంది, అంబులెన్సుకి దారి దొరుకుతోంది. అంతకుముందు లీలామహల్ సర్కిల్‌లో నలభై నిమిషాలు నిలబడిన రోజులు ఉన్నాయి. అదే వంతెన వల్ల మా బావమరిది టిఫిన్ అంగడికి బేరం తగ్గింది. ఆగే బండే లేదు.

రెండు రోజులుగా మీరందరూ రాసింది చదువుతుంటే ఒకటి తోస్తోంది. బయటి బండ్లు పైనుంచి పోతున్నాయి కాబట్టి కింద గుడి చుట్టూ వీధులు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు. నడిచేవాళ్ళకి వదిలిపెట్టొచ్చు. అక్కడ ఐదంతస్తుల లాడ్జీలు వేస్తే మళ్ళీ కార్లన్నీ ఆ సందుల్లోకే వస్తాయి. అక్కా, నిన్న నేను కట్టమన్నాను. ఇవాళ అంత గట్టిగా చెప్పలేను.

ప్లాన్_గీసేవాడు (సోమవారం, ఉదయం 8:20)

నేను ప్లాన్లు గీసి అప్రూవల్‌కి పెడుతుంటాను. చట్టం వైపు చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. చంద్రగిరి కోట, గుడిమల్లం గుడి అలాంటివి. మీ తాతగారి ఇల్లు లాంటి వాటికి ఆ రక్షణ ఉండదు. రేపు మీరే పడగొట్టుకుంటామన్నా ఎవరూ ఆపరు. అందుకే ఇలాంటి ఇళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి.

సాయం సంగతి. రోడ్ల వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి టీడీఆర్ బాండ్లు ఇవ్వడం తిరుపతిలో అందరికీ తెలుసు. పోయిన స్థలానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు అది, అమ్ముకోవచ్చు కూడా. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిబంధనల్లోనే వారసత్వ కట్టడాన్ని పడగొట్టకుండా వాడుకుంటూ కాపాడే యజమానికి కూడా టీడీఆర్ అనే మాట ఉంది. చిక్కల్లా, ఇది వారసత్వ కట్టడం అని ముందు ఎవరో గుర్తించాలి. మీ ఒక్క ఇంటితో అది జరగదు. గుడి చుట్టూ మిగిలిన ఇళ్ళన్నీ కలిపి వీధుల వారీగా ఒక జాబితా తయారుచేసి, ఫోటోలు, కొలతలతో కార్పొరేషన్ ముందు పెడితే అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇక లాడ్జి. రోడ్డు వెడల్పుని బట్టే ఎత్తుకి అనుమతి. మీ సందు ఎన్ని అడుగులు? ఫైరింజను తిరగని సందులో ఐదంతస్తుల లాడ్జి అప్రూవల్‌కి పెట్టమని నా దగ్గరికి వస్తే నేను తీసుకోను. మీ అన్నదమ్ములు లెక్క వేసుకున్న గదుల్లో సగం కూడా రాకపోవచ్చు. ముందు ఈ విషయం వాళ్ళకి చెప్పండి.

వేరే దారి ఒకటి ఉంది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కింద ఇంటివాళ్ళు అదే ఇంట్లో ఉంటూ ఆరు గదుల దాకా యాత్రికులకి ఇవ్వవచ్చు. మీ అమ్మగారు, మీరు అక్కడే ఉంటున్నారు కాబట్టి సరిపోతుంది.

సిల్క్‌బోర్డు_నుంచి (సోమవారం, ఉదయం 9:10)

ఇదీ నేను చెప్పిన కాగితం. మా ఇల్లు అమ్మేటప్పుడు ఇవేవీ తెలియవు.

గాలిగోపురం_నీడ (సోమవారం, ఉదయం 10:00)

జాబితా పని నేను మొదలుపెడతాను. రోజూ సాయంత్రం గుడి చుట్టూ నడుస్తూనే ఉంటాను. నోటుబుక్కు పట్టుకుని నడిస్తే సరి. బేరి వీధి, కర్నాల వీధి వైపు మొదట. ఇంటివాళ్ళని అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాస్తాను.

అవిలాల_వేషం (సోమవారం, మధ్యాహ్నం 1:15)

సార్, నేనూ వస్తాను. ఏ ఇంటి ముందు వేషం ఆగుతుందో నాకు వరసగా తెలుసు.

తిన్నెమీద (గురువారం, రాత్రి 10:30)

మూడు రోజులు రాయలేకపోయాను, క్షమించండి. సోమవారం రాత్రే అన్నకి ఫోన్ చేసి సందు కొలత చెప్పాను. పదకొండు అడుగుల చిల్లర. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నేనే వస్తున్నా’ అన్నాడు. నిన్న పొద్దున వచ్చాడు.

ట్యాంకు దించాం. బావి పక్కన దిమ్మె కట్టి దాని మీద పెట్టించాం. అన్న నిచ్చెన వేసుకుని, స్క్రూడ్రైవరు తీసుకుని దూలం కొన తనే గుచ్చి చూశాడు. వీధి వైపు కొన గట్టిగా ఉంది. వెనక గోడ వైపు కొన మాత్రం అంగుళంన్నర లోపలికి దిగింది. దిగగానే అన్న ముఖం చూసి నాకు భయం వేసింది, ఇంక పడగొట్టేద్దాం అంటాడేమో అని. కిందికి దిగి, చేతులు కడుక్కుని, తిన్నె మీద కూర్చున్నాడు. తాత ఆ తిన్నె మీదే తనకి ఎక్కాలు నేర్పాడని అమ్మతో చెప్పాడు. ఆ మాట ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ అనలేదు.

తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. వాడికి పిల్లల చదువు అప్పులు ఉన్నాయి, వాడి బాధ వాడిది. ముందు మూడు గదులు హోమ్‌స్టేకి సిద్ధం చేసి, వచ్చేదాంట్లో మొదటి వాటా వాడికే ఇద్దామని అన్న, నేను అనుకున్నాం. మరమ్మతు ఖర్చు సగం అన్న, సగం నేను. ఒక ఏడాది చూస్తానని మాత్రం తమ్ముడు అన్నాడు.

ఎదురింటివాళ్ళు కూడా ఈ చర్చ చదువుతున్నారట. నిన్న వాళ్ళ కోడలు వచ్చి మా దూలం చూసి వెళ్ళింది.

గానుగ సున్నం సార్, మీరు ఒకసారి వచ్చి చూస్తారా? సున్నం పని తెలిసిన మేస్త్రీ కూడా కావాలి. ఇక్కడ అడిగిన ముగ్గురూ సిమెంటే అంటున్నారు.

గానుగ_సున్నం (గురువారం, రాత్రి 11:05)

ఆదివారం పొద్దున ఏడింటికి వస్తాను మేడం. శ్రీకాళహస్తి వైపు ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు, వయసు డెబ్భై దాటింది, ఆయన్ని కూడా తీసుకొస్తాను. ఈలోగా ఆ దూలం కింద, వెనక గోడకి రెండడుగుల ఇవతల, సెంట్రింగ్ జాకీ (ఎత్తు సర్దుకునే ఇనుప ఊత) ఒకటి నిలబెట్టించండి. కింద చెక్క పలక వేసి, దూలానికి ఆనేదాకా బిగిస్తే చాలు, పైకి లేపొద్దు. అప్పటిదాకా వంటింట్లో అమ్మగారిని వంట చేయనివ్వకండి.